పాడుచేసినా పద్ధతిగా చేయాలి

విజయవాడలో చిన్న క్రూయిజర్ బైకు కొన్న కుర్రాడికి రెండో సర్వీసు కాకముందే కంపెనీ మీద జాలి పుడుతుంది. పాపం, వాళ్ళు ఇంజనీరింగ్ చదివారే గానీ స్టైలు చదవలేదు. 2005లో బజాజ్ వాళ్ళు అవెంజర్ తెచ్చారు, 2010 నాటికి 220 సీసీ దాకా లాక్కొచ్చారు, ముందు 90/90-17, వెనక 130/90-15 టైర్లని లెక్కలు కట్టారు. ఆ లెక్కలన్నీ తప్పని పటమటలో ఓ అపార్టుమెంటు సెల్లార్లో పానాల సెట్టు, కటింగ్ ప్లేయరు, బావమరిది సాయంతో నిరూపించాల్సిన భారం మనవాళ్ళ నెత్తిన పడింది. ఈ యజ్ఞాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. కాబట్టి పాడుచేసేదేదో పద్ధతిగా చేయమని మాత్రమే మా మనవి.

శుభారంభం హ్యాండిల్‌తో. చేతులు భుజాల ఎత్తుకు లేవకపోతే అది క్రూయిజరే కాదని పెద్దలు తేల్చేశారు. కావలసిన ఎత్తుకు 22 మిల్లీమీటర్ల పైపు హ్యాండిల్ ఆటోనగర్లో దొరుకుతుంది. అయితే ఆ ఎత్తు సంగతి కేబుళ్ళకు ఎవరూ చెప్పరు. క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు, డిస్క్ బ్రేకు హోసు, స్విచ్చుల వైర్లు అన్నీ పాత కొలతకే పుట్టాయి. వాటిని లాగిపెట్టి బిగించారో, బెంజ్ సర్కిల్ దగ్గర యూటర్న్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ తీగ తనంతట తానే సాగి ఇంజను రయ్యిమంటుంది. చూసేవాళ్ళు కావాలనే చేశాడనుకుంటారు కనుక పరువుకు లోటు లేదు, ఎదురుగా ఉన్న ఆటోకే కాస్త ఇబ్బంది.

పరీక్ష తేలికే. బండి న్యూట్రల్లో స్టార్ట్ చేసి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ఐడ్లింగ్ శబ్దం పిసరంత మారినా కేబులు దారి మార్చాలి, లేదా పొడుగుది వేయాలి. బ్రేకు హోసు దగ్గర మాత్రం సర్దుబాటు కుదరదు, పొడుగుదే వేయాలి. హోసు కొసను బిగించే బాంజో బోల్టుకు రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు, బ్రేకు లివరు దగ్గరుండే మాస్టర్ సిలిండర్ మూత మీద రాసి ఉన్న గ్రేడు ఆయిలే, బుడగలు పూర్తిగా ఆగేదాకా బ్లీడింగు, అంటే గాలి తీయడం. లివరు స్పాంజిలా మెత్తగా తగిలితే లోపల ఇంకా గాలి ఉన్నట్టే. ఆ బ్రేకు ఆయిలు చుక్క ట్యాంకు మీద పడితే పెయింటు పొంగి లేస్తుంది. దాంతో రెండో ఘట్టానికి సాకు కూడా దొరుకుతుంది.

రెండో ఘట్టం మ్యాట్ బ్లాక్. మే నెలలో 45 డిగ్రీల దాకా కాగే ఊళ్ళో, రెండు తొడల మధ్య ఉండే ఇనప డబ్బాకు నల్లరంగు పూయడం మన తర్కశాస్త్రానికి పరాకాష్ఠ. పూయండి, కానీ ముందు పెట్రోలంతా తీసేయండి. అలాగని నిశ్చింతగా ఉండకండి, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, లోపల మిగిలే ఆవిరే పేలుతుంది. నొక్కు తీయించడానికి గ్యాస్ వెల్డింగు దగ్గరికి తీసుకెళ్ళేవాళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదవాలి. పుట్టీ పలచగా పొర తర్వాత పొరగా వేయాలి. నొక్కు మొత్తాన్ని పుట్టీతోనే నింపితే ఎండకూ ఇంజను అదురుకూ ఆరు నెలల్లో పగులుతుంది. తర్వాత 220, 400, 800 నంబరు వాటర్ పేపర్లు, ప్రైమరు, మధ్యలో పది పదిహేను నిమిషాలు ఆరనిచ్చి మూడు పలచని కోటింగులు. ఒకే దెబ్బకు దట్టంగా కొడితే కారుతుంది. వానాకాలం తేమలో కొడితే లాకరు పెయింటు మీద తెల్లటి మసక వస్తుంది, దాన్ని వింటేజ్ ఫినిష్ అని ప్రకటించే వెసులుబాటు మీకుంది. రంగు మీద చివర్లో కొట్టే పారదర్శకమైన పూత క్లియరు. స్ప్రే డబ్బాలో వచ్చే మామూలు క్లియరు మీద పెట్రోలు ఒలికితే జిగురై పోతుంది. హార్డెనర్ కలిపే క్లియరే నిలుస్తుంది. ఆ హార్డెనర్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు జేబురుమాలు కట్టుకుంటే దుమ్ము కూడా సరిగా ఆగదు, సరైన మాస్కు కొనండి.

ఇక సైలెన్సరు. లోపలి జాలీ పీకేస్తే పవరు పెరుగుతుందని ఈ విద్యలో మొదటి పాఠం. పెరిగేది శబ్దం. పవరు పెరిగిందన్న నమ్మకం ఆ శబ్దానికి పుట్టిన బిడ్డ. పొగ సులువుగా పోయేసరికి కార్బొరేటర్ బండిలో గాలి పాలు ఎక్కువై మిశ్రమం పలచబడుతుంది. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపలు, ఇంజను నుంచి సైలెన్సరుకు వెళ్ళే బెండు పైపు వేడికి నీలంగా మారడం, ప్లగ్గు మొన తెల్లగా కాలడం, ఇవన్నీ దాని ముచ్చట్లే. కార్బొరేటర్లో పెట్రోలు కొలిచి వదిలే పైలట్ జెట్టు, మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచి, ప్లగ్గు లేత గోధుమ రంగుకు వచ్చేదాకా చూసుకోవాలి. అప్పుడు బండి కంపెనీ నుంచి వచ్చిన రోజు ఎంత లాగేదో ఇంచుమించు అంతే లాగుతుంది, మైలేజీ మాత్రం తగ్గుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నవాళ్ళు బహుశా జెట్లు మార్చినవాళ్ళే. పైపుకు గాజునారతో నేసిన పట్టీ చుట్టేవాళ్ళు దాన్ని ముందుగా నీళ్ళలో నానబెట్టి, సగం మీద సగం వచ్చేలా లాగి చుట్టి, స్టీలు టైలతో బిగించాలి. చేతికి గ్లవ్స్ లేకపోతే ఆ గాజునార దురద మూడు రోజులు వదలదు. వాన నీళ్ళను పట్టి ఉంచి పైపును గుట్టుగా తుప్పు పట్టించడం దాని అసలు వృత్తి.

వెనక భాగానికొస్తే, మొదట బలయ్యేది చీరగార్డు. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ, కూర్చునేవాళ్ళకు పట్టుకోను పిడి, కాలు పెట్టుకోను ఫుట్‌రెస్టు ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది చెబుతుంది. మనకు మాత్రం అది అమ్మ కోసం కంపెనీ చేసిన కుట్ర. ఊడదీసిన మర్నాడే అమ్మను గుడికి తీసుకెళ్ళాల్సి వస్తుంది. అమ్మ ఒక చూపు చూసి, ‘నువ్వు పోరా, నేను ఆటోలో వస్తా’ అంటుంది. పాత చీరగార్డు అప్పటికే కుండీ పక్కన బీరపాదుకు ఊతంగా నిలబడి ఉంటుంది.

మడ్‌గార్డు కోసేసి సీటు కిందికి దించాలంటే వెల్డింగు తప్పదు. వెల్డింగుకు ముందు బ్యాటరీ వైర్లు తీసేయాలి, కొత్త బండైతే ఇంజన్ను నడిపే కంప్యూటరు ఈసీయూ కనెక్టరు కూడా. లారీ బాడీలు కట్టి పేరు తెచ్చుకున్న ఆటోనగర్లో చెయ్యి తిరిగిన మేస్త్రీకి పని అప్పగిస్తే, ‘గట్టిగా వెయ్యి గురువుగారూ’ అన్న పాపానికి పది టన్నుల ఇసుక మోసే యాంగులర్ ముక్క తెచ్చి అతికిస్తాడు. అది ఈ జన్మలో ఊడదు, తర్వాత మన్ను దిన్నెల మీద అదిరినప్పుడల్లా దాని పక్కనున్న పలచటి ఫ్రేము పైపే చిట్లుతుంది.

వెనక షాకబ్జర్లు పొట్టివి వేసి బండిని రెండంగుళాలు దించుకున్నవాళ్ళకు ఇంకో బహుమతి ఉంది. బండి దిగింది గానీ సైడ్ స్టాండు పొడవు తగ్గలేదు. ఒరగాల్సిన బండి నిటారుగా నిలబడుతుంది, నేల కాస్త కుడికి వాలితే అటే పడుకుంటుంది. దానికి మందు స్టాండు కోసి వెల్డు చేయించడం. ఇద్దరెక్కితే టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. ముందు భాగం ఎత్తుగా ఉండిపోవడంతో తక్కువ వేగంలో హ్యాండిల్ బరువెక్కుతుంది. గవర్నర్‌పేట సందుల్లో ఆ బరువు బాగా తెలుస్తుంది.

కరెంటు పని గురించి క్లుప్తంగా. ఎల్ఈడీ ఇండికేటర్లు పెడితే పిచ్చెక్కినట్టు టకటకా కొట్టుకుంటాయి. వాటిని వెలిగించి ఆర్పే పాత రిలే 10 వాట్ల బల్బులకు అలవాటు పడింది, దాని బదులు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి. రెండు 55 వాట్ల ఫాగ్ లైట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. హెడ్‌లైటు స్విచ్చు నుంచి లాగితే స్విచ్చు కరుగుతుంది. బ్యాటరీ నుంచి నేరుగా 15 ఆంపియర్ల ఫ్యూజు, మధ్యలో రిలే ఉండాలి. మెలితిప్పి నల్ల టేపు చుట్టిన జాయింటు మన ఎండకు జిగురు కారి విప్పుకుంటుంది. టంకం పెట్టి, వేడికి ముడుచుకుని అతుక్కునే ష్రింక్ స్లీవ్ వేయండి. ఫ్యూజు బదులు సిగరెట్ పెట్టె వెండి కాగితం పెట్టే విద్వాంసులకు మేం చెప్పగలిగింది ఏమీ లేదు, వైర్లే చెబుతాయి.

చట్టం సంగతి కూడా వినండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో రాసిన వివరాలకు తేడా వచ్చేలా మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒక్కో మార్పుకు అన్నది గమనించాలి. ఫ్రేము, సైలెన్సరు, హ్యాండిల్ అంటూ పోలీసాయన వేళ్ళు మడుస్తూ పోతుంటే మీ సృజన విలువను ప్రభుత్వమే లెక్కగట్టినట్టు లెక్క.

అందుకే ఊడదీసిన ఏ సామానూ తూకానికి వేయకండి. పాత సైలెన్సరు, హ్యాండిలు, షాకబ్జర్లు గోనెసంచిలో కట్టి, ఏ బోల్టు ఎక్కడిదో కాగితం మీద రాసి, అటక మీద పెట్టండి. పదిహేనేళ్ళకు ఆర్సీ రెన్యువల్‌కు ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టాలన్నా, అంతకుముందే అమ్ముకోవాలన్నా ఆ సంచే దిక్కు. కొనడానికొచ్చినవాడు మీ మ్యాట్ బ్లాకునూ మీ ఎత్తు హ్యాండిల్‌నూ మెచ్చుకుంటూ రెండు చుట్లు తిరుగుతాడు, ఫోటో కూడా తీసుకుంటాడు. ఆ తర్వాత అడిగేది ఒక్కటే: ‘అన్నా, ఒరిజినల్ సామాను ఉందా?’ లేదంటే బేరం పదివేలు కిందికి దిగి మొదలవుతుంది.