పాత కారును కవరు కింద పెట్టకుండ్రి, నడపుండ్రి

పాత కార్లంటే ప్రాణం అనేటోళ్లు ఈ మధ్య మస్తు మంది తయారైన్రు. ప్రీ వెడ్డింగ్ షూటుకు ఫియట్ కావాలె, రీల్‌కు అంబాసిడర్ కావాలె, కొత్తగ తెరిచిన హోటల్ ముంగట సోకుకు విల్లీస్ జీపు కావాలె. హైవే మీద ఒక కాడ జీపు ఇంజను పీకేసి బానెట్ల మనీప్లాంట్ పెట్టిన్రు, నా కండ్లతోని చూసిన. ఇంకో రకపోళ్లు ఉన్నరు. బండి కొంటరు, లక్షలు పోసి డెంటింగు పెయింటింగు చేయిస్తరు, బంపర్లకు నికెల్ పూత ఎక్కిస్తరు, ఆ తర్వాత కవరు కప్పి షెడ్డుకు తాళం. దసరాకు ఒకసారి బయటికి గుంజి, కుంకుమ పెట్టి, నిమ్మకాయ తొక్కించి, ఫోటో దిగి మళ్ల లోపటికి తోస్తరు. పైసలకు గతిలేక తుక్కోనికి అమ్ముకున్నాయన మీద నాకు కోపం లేదు. ఈ కవరు కప్పేటోళ్ల మీదనే ఉన్నది.

నా దగ్గరున్నది 1979 ప్రీమియర్ పద్మిని. 1964ల ఫియట్ 1100 డిలైట్ పేరుతోని బొంబాయి కుర్లా ఫ్యాక్టరీల మొదలైన బండే అది, పద్మిని పేరు తర్వాత వచ్చింది. 1089 సీసీ ఇంజను, స్టీరింగు కింద గేరు రాడ్డు, ముంగట సోఫా లెక్క ఒకటే సీటు, నాలుగు చక్రాలకు డ్రమ్ము బ్రేకులే. అప్పట్ల బుక్ చేసి ఏండ్లకేండ్లు ఎదురుచూసేటోళ్లు. మొదటి ఓనరు మిర్యాలగూడల డాక్టరు. ఊర్లల్లకు కేసులు చూడవోయేందుకు నడిపిండు గనుక ఆయన చేతిల ఉన్నన్ని రోజులు బండికి ఏం కాలేదు. ఆయన పోయినంక పిల్లలు హైదరాబాద్‌కు పోయిన్రు, బండి వేపచెట్టు కింద నిలబడ్డది. అది పాడైంది నడిచి కాదు, అక్కడ నిలబడి.

నిలబెడితె ఏమైతదో ఇప్పి చూసినోన్ని చెప్తున్న. బ్రేకు ఆయిలు గాలిలున్న తేమను గుంజుకుంటది. వీల్ సిలిండర్ల లోపట తుప్పు పడ్తది, రబ్బరు కప్పులు అతుక్కపోతయి. తొక్కితె బ్రేకు పడ్తది, కాలు తీస్తె ఇడువది. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అంటుకుంటది, ఇగ గేరు పడదు. వాటర్ పంపు సీలు ఎండిపోయి, నీళ్లు పోసిన రోజే కారుడు షురూ. గాలి, పెట్రోలు కలిపే కార్బురేటర్ గిన్నెల ఉన్న పెట్రోలు ఎగిరిపోయి అడుగున జిగురు మిగుల్తది, పెట్రోలు పోయే సన్నని జెట్లు మూసుకపోతయి. టైర్లు నేలకు ఆనిన కాడ చదునైతయి. పిస్టన్ రింగులు ఇంజను బోరుకు పట్టేసినయంటే లేతు షాపుకు పోవుడే. ఇవన్నీ అయినంక ఎలుకలు వస్తయి. వైరింగు మొత్తం కొరికి, సీటు కొబ్బరి పీచుల పిల్లలు పెడ్తయి.

"మేం రోజు పొద్దుగాల ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఉంచుతం గదా" అని ఒకాయన అన్నడు. అది ఇంకా అన్యాయం. ఐదు నిమిషాలల్ల ఇంజను సరిగ్గ వేడెక్కదు. లోపట ఊరిన తడి ఆయిల్ల కలుస్తది, సైలెన్సర్ల నీళ్లు నిలుస్తయి, లోపల్నుంచి తుప్పు తింటది. పైనుంచి చోక్ గుంజి నడిపిస్తవు, ఎక్కువైన పెట్రోలు బోరు మీది ఆయిలును కడుగుతది. మా మిస్త్రీ చాచా దీనికి ఒకటే మాట చెప్తడు: "ఇంటి ముంగట సెల్ఫ్ కొట్టకు బేటా, హాలియా దాక పోయి చాయ్ తాగి రా."

ఈ చాచా డెబ్బై దాటిండు. పొడుగు స్క్రూడ్రైవర్ కొస ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనిచ్చి, ఏ టాపెట్ కొడుతుందో చెప్తడు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, లోపటి పాయింట్లను ఎమరీ కాయితంతోని రెండుసార్లు గుంజి, సందు కొలిచే ఫిల్లర్ బ్లేడు నడుమ పెట్టి కదిలిస్తడు. బ్లేడు బిర్రుగ ఉండొద్దు, వదులుగ జారొద్దు, కొంచెం పట్టి రావాలె. స్క్రూ బిగించేటప్పుడు ఆ సందు మళ్ల మారుతది గదా, అది గూడ లెక్క కట్టుకొని ముందే జరంత ఎక్కువ ఉంచుతడు. ఈ పని పుస్తకం చూసి రాదు. బండ్లు వస్తుంటెనే చెయ్యి ఆడుతది. ఇప్పుడు ఆయన షెడ్డుకు వచ్చే పాత బండ్లు తక్కువ, ఎక్కువ టైము బైకుల చైన్ కవర్లు ఇప్పుకుంట కూసుంటడు. కొడుకు దుబాయ్‌ల ఏసీ పని నేర్చుకున్నడు.

ఇక్కడ కొంచెం గట్టిగనే మాట్లాడ్త. హైదరాబాద్ పెయింటరుకు లక్షా యాభై వేలు లెక్కపెట్టి ఇచ్చినాయన, చాచా పొద్దంత కింద పండుకొని ముంగటి చక్రం మలిపే కింగ్‌పిన్ పని చేస్తె మూడు వందల కాడ బేరం ఆడిండు. "పెద్ద పార్ట్ ఏం మార్చలే గదా" అంటడు. మార్చలేదు, నిజమే. మార్చకుండ బాగుచేసిండు, పైసలు దానికే ఇయ్యాలె.

ఇగ పెట్రోలు సంగతి. పెట్రోలుల 20 శాతం ఇథనాల్ అనే ఆల్కహాల్ కలపాలని 2030కి పెట్టుకున్న టార్గెట్‌ను సర్కారు ముందుకు జరిపింది, 2025 కల్లా బంకులల్ల ఆ కలిపిన పెట్రోలు, ఇ20, వచ్చేసింది. పాత డిజైను కార్లకు మైలేజీ 6-7 శాతం తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రిపోర్టే రాసింది. మైలేజీ పోతె పోయె, నేను ఫియట్ కొన్నది మైలేజీకి కాదు. అసలు తిప్పలు వేరే. ఇథనాల్ తేమను గుంజుకుంటది. మోతాదు మించితె నీళ్లు, ఇథనాల్ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతయి, అక్కడ ఇనుము తుప్పు పడ్తది. అప్పటి రబ్బరు పైపులు ఉబ్బుతయి, పెట్రోలు పంపు లోపటి పొర, డయాఫ్రం, మెత్తబడ్తది. కార్బురేటర్‌కు తెలివి లేదు, ఏ పెట్రోలు వచ్చినా అంతే కొలత పోస్తది. ఇథనాల్ కలిస్తె మిశ్రమం పలుచనై ఇంజను ఎక్కువ వేడెక్కుతది. నేను పైపులన్నీ ఇథనాల్‌కు తట్టుకునేటియి వేయించిన, పంపుకు ముందు ఫిల్టర్ పెట్టించిన, మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేయించిన. వీటన్నిటి కంటె మంచి మందు ట్యాంకుల పెట్రోలు పాతబడకుండ చూసుకునుడు. అంటే మళ్ల నడుపుడే. కవరు కింద ఆర్నెల్లు ఇ20 నింపి పెట్టినోని ట్యాంకు ఇప్పి చూస్తె ఎర్రటి బురద వచ్చింది, చాచా బక్కెట్ల పట్టి ఆయనకే చూపిచ్చిండు.

సర్కారు రూలు గూడ నిలబెట్టమనే చెప్తుంది. 2021 జూలైల కేంద్రం వింటేజ్ బండ్లకు కొత్త రూల్స్ తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏండ్లు దాటాలె, బండి అసలు రూపంల ఉండాలె. కొత్తగ చేయించుకుంటె నంబరుల వీఏ అని వస్తది, ఫీజు 20,000, పదేండ్లకు రెన్యువల్ 5,000. ముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. ఇంతదాక బాగనే ఉన్నది. కాని వింటేజ్ అని రాయించుకున్న బండిని మామూలుగ రోడ్డు మీద తిప్పొద్దు. ర్యాలీకి, ఎగ్జిబిషన్‌కు, పరిశోధనకు పోవచ్చు, పెట్రోలు పోయించుకునేందుకు, రిపేరుకు పోవచ్చు. పెట్రోలు కోసమే సాగర్ దాక పోయిన అని చెప్పాల్నేమో మరి.

నా బండికి ఇంకా 50 నిండలేదు. అటు వింటేజ్ గాదు, ఇటు కొత్తది గాదు. 15 ఏండ్లు దాటితె కారు తుక్కే గదా అని కామెంట్ పెట్టేటోళ్లకు ఒక మాట: 15 ఏండ్లకు పెట్రోలు బండి, పదేండ్లకు డీజిల్ బండి బంద్ అనే పంచాయితీ ఢిల్లీ చుట్టుపక్కలది. మన కాడ సొంత కారును ఫిట్‌నెస్ చూపించి ఐదేండ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. ఫీజు మాత్రం మంట. 2022 ఏప్రిల్‌ల 600 నుంచి 5,000 చేసిన్రు, 2025ల 20 ఏండ్లు దాటిన కార్లకు 10,000 అన్నరు. సర్కారు సొంత బండ్లకైతె 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటినంక రెన్యువలే లేదు. ఆఫీసుల ఎనుక చెట్ల కింద టైర్లు లేకుండ పండిన తెల్ల అంబాసిడర్లను చూస్తె కడుపు తరుక్కపోతది. ఆ అంబాసిడర్ 2014 మే దాక తయారైంది, అంటే దానికి పార్ట్స్ నిన్న మొన్నటి దాక వచ్చినయి.

పార్ట్స్ అంటె గుర్తొచ్చింది. ఫియట్‌కు ఇన్నేండ్లు సామాను ఎందుకు దొరికింది? నాలాంటోళ్ల ప్రేమతోని దొరకలేదు. బొంబాయిల వేలకు వేలు నలుపు-పసుపు టాక్సీలు రోజూ తిరిగినయి, రోజూ క్లచ్ ప్లేట్లు, బ్రేకు రబ్బర్లు అరిగినయి, అందుకే ఎవడో ఒకడు తయారు చేసిండు. 2023 అక్టోబరు 30తోని ఆ పద్మిని టాక్సీల కథ అయిపోయింది. ఇప్పుడు సికింద్రాబాద్ రాణిగంజ్‌ల పార్ట్స్ షాపు కౌంటర్ మీద "ఫియట్ సామాను" అనంగనే తల అడ్డంగ ఊపుతున్నరు. చెన్నై పుదుపేట దాక ఫోన్లు చేసుడైతుంది. తిరిగే బండి ఉంటెనే పార్ట్ అమ్ముడుపోతది, కవరు కింది బండి ఏం కొంటది?

చౌమహల్లా ప్యాలెస్‌ల పసుపు పచ్చ రోల్స్ రాయిస్ చూసే ఉంటరు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆర్డర్ ఇచ్చిన సిల్వర్ గోస్ట్ అది, మన మహబూబ్‌నగర్‌కు పేరిచ్చినాయన. బండి వచ్చేసరికి ఆయన లేడు, 1911లనే పోయిండు. తర్వాత దాన్ని పెద్ద పెద్ద సందర్భాలకే తీసేటోళ్లు, అన్ని దశాబ్దాలల్ల వందల మైళ్లే తిరిగింది. ఆఖరికి ఏమైంది? మూలకు పడి పాడైతె మళ్ల మొత్తం ఇప్పి బాగుచేయించాల్సి వచ్చింది. నిజాం ఖజానానే కాపాడలేకపోయింది, నువ్వు కవరుతోని కాపాడ్తవా?

పొల్యూషన్ అంటరు. కిలోమీటరుకు లెక్కేస్తె నా బండి కొత్త బండి కంటె ఎక్కువనే ఇడుస్తది, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దానికి లేదు, ఒప్పుకుంట. కాని ఆదివారం ఆదివారం పానగల్లు ఉదయసముద్రం కట్ట దాక, నెలకోసారి సాగర్ దాక పోయే బండి అది. నల్లగ పొగ కక్కుతుందంటె పెట్రోలు ఎక్కువ పోతుందని, నీలంగ వస్తుందంటె ఆయిలు తాగుతుందని. రెండింటికీ రిపేరు ఉన్నది, చేయించుకుంటె పొగ టెస్టు పాసైతది.

సేఫ్టీ అంటరు. దీనికైతె నేను ఎదురు చెప్ప. డ్రమ్ము బ్రేకుల బండిని తీస్కపోయి విజయవాడ హైవే మీద వంద మీద ఉరికించేటోడు పిచ్చోడు. నేను 60 దాటిస్త లేను. వాన పడ్తె బ్రేకు తడిసి ఒక పక్కకు గుంజుతది, అందుకని ముసురుల బయటికి తియ్య. చిన్న పిల్లల్ని ముంగట కూసోబెట్ట.

ఎండకాలం మాత్రం బండి పరీక్ష పెడ్తది. మే నెలల, 44 డిగ్రీల ఎండల, పెద్దవూర దాటినంక ఇంజను రెండు జర్కులు కొట్టి ఆగింది. ఆయిలు బాగుంది, కరెంటు వస్తుంది, ప్లగ్గు మీద నిప్పు పడుతుంది. ఇంజనుకు ఆనుకొని ఉన్న పెట్రోలు పంపు కాలిపోతుంది, ముట్టుకోరాలే. లోపట పెట్రోలు ఆవిరై పైపుల అడ్డం పడ్డది. మా ఆవిడ ఏమనలే, వాటర్ బాటిల్, మెడ మీది తువ్వాల నా చేతికిచ్చింది. తువ్వాల తడిపి పంపుకు చుట్టి, బానెట్ తెరిచిపెట్టి, చింతచెట్టు కింద కూసున్నం. తువ్వాల ఎండినప్పుడల్ల మళ్ల నీళ్లు చల్లుడు. ట్రాక్టరు మీద పోయే ముసలాయన ఆగి, "ఫియటా? మా పటేల్‌కు ఉండె" అని దిగిండు, బండి చల్లారేదాక పటేల్ ముచ్చట్లు మొత్తం చెప్పిండు. సెల్ఫ్ కొడితె నాలుగో తిప్పుకు అందుకున్నది. కొత్త బండ్ల పోయిన రోజు నన్నెవరూ ఆపి ముచ్చట పెట్టలే.

సర్కారుకు చెప్పేదుంటె ఇదే. వింటేజ్ బండికి ఎగ్జిబిషన్ షరతు తీసెయ్యుండ్రి, ఏడాదికి ఇన్ని కిలోమీటర్లని హద్దు పెట్టుండ్రి, మీటర్ రీడింగ్ చూసుకోండ్రి. జిల్లాకు ఒక్క బంకుల ఇథనాల్ కలపని పెట్రోలు ఉంచుండ్రి, ఎక్కువ రేటు పెట్టినా కొంటం.

ఓనర్లకు నా మాట వేరే. నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ దిక్కు ఎవలింటి ఎనుకనన్న ఫియట్ నిలబడి ఉంటె ఇన్‌బాక్స్‌ల చెప్పుండ్రి. అమ్ముతవా అని అడగ. చాచాను ఎక్కించుకొని ఆదివారం వస్త. బ్యాటరీ నేను తెస్త, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు తెస్త. మీరు చేయాల్సింది రెండే: ముందుగాల పాత పెట్రోలు దించి పెట్టుండ్రి, చాచా కూలి కాడ బేరం ఆడకుండ్రి.