అమ్మ చేతిలో మహిమ లేదు, పనితనం ఉంది

అమ్మ పోయినప్పుడు పలకరించడానికి వచ్చినవాళ్లలో చాలామంది ఒకే మాట అన్నారు. "ఆవిడ చేతిలో ఏదో మహిమ ఉందండీ. ప్రేమ కలిపి వండేవారు, అందుకే ఆ రుచి." అలాంటి సమయంలో ఎవరితోనూ వాదన పెట్టుకోలేం కాబట్టి తల ఊపి ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను. మహిమా లేదు, గిహిమా లేదు. ఆవిడకు పని వచ్చు.

ప్రేమ వల్లే రుచి వచ్చేదయితే, అమ్మా నాన్నా మాటలు మానేసిన రోజుల్లో మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగకూడదు. అమ్మకు కోపం వస్తే గిన్నెల మోత పెరిగేది, గరిట గట్టు మీద ఠంగున పడేది. కూర మాత్రం ఎప్పటిలాగే కుదిరేది. అసలు ఆవిడకు రోజూ వండడం ఇష్టమని కూడా చెప్పలేను. "ఈ పూటకు గడిచింది, మళ్లీ రాత్రికి ఏం చేయాలిరా దేవుడా" అని ఉస్సూరుమనడం ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. ప్రేమ లేదనడం లేదు. మాకు జ్వరం వస్తే రాత్రంతా మంచం పక్కనే కూర్చునేది, ప్రేమ అక్కడ కనిపించేది. కూరలో కనిపించేది ఆవిడ తెలివి.

ఒక్క ఉల్లిపాయ సంగతే చూడండి. వంట పుస్తకాల్లో "ఐదు నిమిషాలు, ఎర్రగా అయ్యేదాకా వేయించాలి" అని రాస్తారు. రాసినవాళ్లు ఎప్పుడైనా ఐదు నిమిషాల్లో వేయించారా అని నా అనుమానం. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీరే. ఆ నీరు ఇంకేదాకా ముక్కల వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఎర్రబడి ఆ కమ్మని వాసన రావాలంటే వేడి సుమారు 140 డిగ్రీలకు చేరాలి. ఈ మార్పును ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో వివరించాడు కాబట్టి దీన్ని మయార్ చర్య అంటారు. అమ్మకు మయార్ ఎవరో తెలియదు, బాణలి చప్పుడు తెలుసు. నీరున్నంతసేపు ఒకే తీరుగా బుసబుసమంటుంది. నీరు ఇంకేవేళకు ఆ బుస సన్నబడి, చిటపటలు మొదలవుతాయి. అమ్మ పక్క గదిలో బట్టలు మడత పెడుతూనే "చప్పుడు మారింది, మంట తగ్గించు" అని కేక వేసేది. వెళ్లి చూస్తే ముక్కలు ఇంకా లేత రంగులోనే ఉండేవి. ఇంకాసేపు చూద్దాంలే అనుకునేలోపు అంచులు నల్లబడేవి. ముక్క మెత్తబడి గుజ్జులో కలిసిపోవాలంటే ఉప్పు ముందే వేసేది, ఎందుకంటే ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. కరకరలాడాలంటే ఉప్పు చివరికి. ఎంత వేయాలని అడిగితే మాత్రం "కళ్లున్నాయి కదా, చూసి వెయ్యి" అనేది. ఆ జవాబుకు నాకు ఒళ్లు మండేది. అందులో దాపరికం ఏమీ లేదు, ఆవిడ నిజంగానే చూసి వేసేది.

డాక్టరు మనిషి ముఖం చూసి జబ్బు పసిగడితే అనుభవం అంటాం. మెకానిక్కు ఇంజను చప్పుడు విని లోపం చెబితే నైపుణ్యం అంటాం, అడిగినంత డబ్బు చేతిలో పెడతాం. అమ్మ బాణలి చప్పుడు విని మంట తగ్గిస్తే అది ప్రేమ అవుతుంది! జీతం లేని పనికి పొగడ్తతో సరిపెట్టే తెలివి ఇది. పైగా మహిమ అన్నాక దాన్ని నేర్చుకోవాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

అమ్మ వంటల నోటు పుస్తకం అలమారలో దొరికింది. ఆశగా తెరిస్తే మిఠాయిలు, ఏడాదికోసారి పట్టే నిల్వ పచ్చళ్లు, ఎవరో చెబితే రాసుకున్న కేకు. మేం రోజూ తిన్నవాటిలో ఒక్కటీ లేదు. ఆలోచిస్తే అంతే కదా, చేతికి అలవాటైనదాన్ని ఎవరు రాసుకుంటారు? మరిచిపోతామన్న భయం ఉన్నదే కాగితం మీదికి ఎక్కుతుంది. రాసినవాటిలోనూ దినుసులే తప్ప విధానం లేదు. ఒక చోట "పాకం వచ్చాక పిండి పోయాలి" అని ఉంది, తీగపాకమో ముదురుపాకమో లేదు. దాని పక్కనే కరెంటు బిల్లు కట్టాల్సిన తేదీ. ఆవిడ రాసింది తన కోసం, మా కోసం కాదు.

దాన్ని తిరగేస్తుంటే మీనా పెఖ్టర్ గురించి చదివింది గుర్తుకు వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీలు నడిపిన తెరేజీన్ శిబిరంలో, ఆకలితో అలమటిస్తున్న మీనా, ఆమెతో ఉన్న మరికొందరు యూదు స్త్రీలు ఒకప్పుడు తమ ఇళ్లలో వండుకున్న వంటకాలను తలచుకుని కాగితాల మీద రాశారు. మీనా 1944లో అక్కడే కన్నుమూసింది. ఆ కట్ట చేతులు మారి మారి, పాతికేళ్ల తరువాత న్యూయార్క్‌లో ఉన్న ఆమె కూతురికి అందింది. ఆ కూతురు చాలాకాలం దాన్ని విప్పి చూడలేకపోయిందట. 1996లో అవి పుస్తకంగా వచ్చాయి. చాలా వంటకాల్లో ఏదో ఒక దినుసు లేదు, లేదా మధ్యలో ఏం చేయాలో లేదు. ఉన్నదున్నట్టు వండబోతే కుదరవు. మా అమ్మ నోటు పుస్తకాన్ని దానితో పోల్చే ధైర్యం నాకు లేదు. కానీ వండడానికి పనికిరాని వంటకం కూడా దాచుకోదగ్గదేనని నాకు అది చదివాకే అర్థమైంది. అమ్మ పుస్తకంలో ఖాళీలను నేను నింపను. అది ఆవిడ చేతిరాత, అలాగే ఉండనీ. వంటను వేరే దారిలో పట్టుకోవాలి.

ఆ వేరే దారిలో నాకూ తమ్ముడికీ పెద్ద పేచీ. నాకు తెలిసిన అమ్మ పప్పు ఉప్పూకారాలు గట్టిగా తగిలేది. వాడికి తెలిసిన పప్పులో పులుపు ముందుంటుంది, వెల్లుల్లి ఎక్కువ. ఒకరినొకరం అబద్ధాలకోరులని తిట్టుకున్నాక అసలు సంగతి తేలింది. నేను చదువుకు ఇల్లు వదిలాక నాన్నకు రక్తపోటు వచ్చింది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాములకు మించకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. అంటే చిన్న చెంచా కూడా నిండదు. ఉప్పు కోసేసిన కూరను నాన్న చేత కిమ్మనకుండా తినిపించడానికి ఆవిడ పులుపు పెంచింది, వెల్లుల్లి పెంచింది. పులుపు తోడైతే తక్కువ ఉప్పు కూడా నాలుకకు బాగా తెలుస్తుంది. తమ్ముడు ఆ పప్పుతో పెరిగాడు. మరి వీటిలో అసలు అమ్మ పప్పు ఏది? "అసలైన పద్ధతి ఇదే" అని కొట్టుకునేవాళ్లను చూస్తే అందుకే నాకు నవ్వు వస్తుంది.

ఇంకో మాట. వాసన దారి మిగతా జ్ఞానేంద్రియాల దారి లాంటిది కాదు. చూపు, వినికిడి ముందు మెదడులోని థాలమస్ అనే కూడలికి వెళతాయి. వాసన ఆ కూడలిలో ఆగకుండా, ఉద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలను నేరుగా తాకుతుంది. అందరికీ అమ్మ చేసిన గొప్ప వంటకం వాసన గుర్తుంటుందంటారు. నన్ను ఉన్నచోట నిలబెట్టేసేది అడుగంటిన పాల వాసన. అన్నీ చప్పుడుతో కనిపెట్టే మనిషి పాల దగ్గర మాత్రం ఎప్పుడూ ఏమరుపాటే. మహిమ గలవాళ్లు పాలు మాడుస్తారా?

అమ్మ వంటను భద్రపరచాలని ఫోనులో వీడియోలు తీసి సంగీతం జోడించేవాళ్లకు ఒక మనవి. కెమెరాను ఆవిడ ముఖం మీద నుంచి బాణలి మీదికి దించండి, పాట తీసేసి ఆ చప్పుడు వినబడనివ్వండి. చెంచాతో కొలవమని ఆవిడ చెయ్యి ఆపకండి, ఆపితే ఆ చెయ్యి వేరేలా పనిచేస్తుంది. వంటకు ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె సీసా తూకం వేయండి. అయ్యాక మళ్లీ వేయండి. తేడాయే కొలత. ఒకసారితో తేలదు, నాలుగైదు సార్లు చేయాల్సిందే. ఆవిడ మిమ్మల్ని పిచ్చివాళ్లని విసుక్కుంటుంది. విసుక్కోనివ్వండి. తూకం అయ్యాక ఆ గిన్నెలు మీరే తోమండి.