జోష్ గిబ్సన్ సగటు మీద ఇంకా గొడవెందుకు?

బేస్‌బాల్ మ్యాచ్‌కి పెన్సిలూ స్కోర్‌కార్డూ పట్టుకెళ్లేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ణి. మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుటైతే, అంటే స్ట్రైకౌట్ అయితే, గడిలో ఇంగ్లిష్ కె అక్షరం రాస్తాం, బ్యాటర్ బ్యాట్ కదపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరాన్ని తిరగేసి రాస్తాం. ఈ పద్ధతికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, అమెరికా వచ్చి క్రికెట్ వార్తలు రాసిన విలేకరి. అందుకే కాబోలు, క్రికెట్ చూస్తూ పెరిగిన మనకి ఈ ఆటలోని లెక్కల పిచ్చి తొందరగానే అంటుకుంటుంది. మనకి బ్రాడ్‌మన్ 99.94 ఎలాగో అక్కడి అభిమానులకి పాతకాలపు మేటి బ్యాటర్ టై కాబ్ .367 (వెయ్యిసార్లు బ్యాటింగ్‌ చేస్తే 367 హిట్లు) అలాగ, తరతరాలుగా నోటికొచ్చిన అంకె.

2024 మే చివర్లో ఆ అంకె రెండో స్థానానికి దిగింది. 1920 నుంచి 1948 దాకా వివక్ష వల్ల నల్లజాతి ఆటగాళ్లు విడిగా ఆడిన ఏడు నీగ్రో లీగ్‌ల గణాంకాలను అమెరికాలో అత్యున్నత స్థాయి లీగ్ అయిన మేజర్ లీగ్ బేస్‌బాల్ తన అధికారిక రికార్డుల్లో కలిపింది. దాంతో కెరీర్ బ్యాటింగ్ సగటులో .372తో నల్లజాతి ఆటగాడు జోష్ గిబ్సన్ మొదటి స్థానానికి వచ్చాడు. 1943లో ఆయన కొట్టిన .466 ఒక సీజన్‌కి అత్యధిక సగటు అయింది, స్లగ్గింగ్‌లో (అంటే ఎంత దూరం కొట్టాడో లెక్కగట్టే సగటులో) హోమ్ రన్లకి పేరుమోసిన బేబ్ రూత్ కూడా ఆయన వెనకే. ఇదంతా బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్‌గా ఆడుతూ, అంటే ప్రతి ఇన్నింగ్స్‌లో మోకాళ్లు వంచి కూర్చుని లేస్తూ.

గొడవ అప్పుడు మొదలై ఇంకా ఆగలేదు. కాబ్ 11 వేలకి పైగా సార్లు బ్యాటింగ్‌ చేస్తే గిబ్సన్‌ లెక్క రెండు వేల పైచిలుకే, ఇద్దరినీ ఒకే జాబితాలో ఎలా పెడతారని అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ ఆ రెండు వేలు ఎందుకంత తక్కువో కూడా చూడాలి కదా. నల్లజాతి జట్లకి లీగ్ మ్యాచ్‌లతో పూట గడిచేది కాదు, బస్సెక్కి ఊరూరా తిరిగి ఎవరు దొరికితే వాళ్లతో ఆడేవాళ్లు, ఆ మ్యాచ్‌లేవీ ఈ లెక్కలోకి రాలేదు. మేటి ఆటగాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో గిబ్సన్ ఫలకం మీద దాదాపు 800 హోమ్ రన్లు అని చెక్కి ఉంటుంది, కొత్త అధికారిక లెక్కలో ఆయన హోమ్ రన్లు రెండు వందలు కూడా లేవు. పాత పత్రికల్లో స్కోరు దొరికిన లీగ్ మ్యాచ్‌లనే తీసుకున్నారు, మిగతావన్నీ వదిలేశారు. జాలిపడి కలిపారనేవాళ్లు ఈ ఒక్క తేడా చూస్తే చాలు.

ఇంకో మాట. 2020లో కోవిడ్ వల్ల సీజన్‌ని ఒక్కో జట్టుకి 60 మ్యాచ్‌లకి కుదించారు. ఆ ఏడాది బ్యాటింగ్ టైటిళ్లు చెల్లవని ఎవరూ అనలేదు, మరి 1943కి వచ్చేసరికి మ్యాచ్‌ల సంఖ్య ఎందుకు అడ్డొస్తోంది? పైగా పాత రికార్డులేమో మచ్చలేనివన్నట్టు మాట్లాడతారు. కాబ్ గానీ రూత్ గానీ మేజర్ లీగ్‌లో ఒక్క నల్లజాతి పిచర్‌నైనా (బంతి విసిరేవాణ్ణి) ఎదుర్కోలేదు, ఎదుర్కోనివ్వలేదు. నీగ్రో లీగ్‌ల్లో పేరుమోసిన సాచెల్ పేజ్ లాంటి పిచర్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టేసరికి ఆయన వయసు 42.

గిబ్సన్‌కి ఆ అవకాశం కూడా రాలేదు. 1947 జనవరి 20న, 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 15న బ్రూక్లిన్‌లో జాకీ రాబిన్సన్ మైదానంలోకి దిగి, ఆధునిక మేజర్ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడయ్యాడు. పిట్స్‌బర్గ్ శ్మశానంలో గిబ్సన్ సమాధి మీద 1975 దాకా పేరున్న రాయి కూడా లేదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు చాలాసేపు వేరే పని తోచలేదు.

ఇప్పుడు బేస్‌బాల్‌లో వాదనలకి కొదవేం లేదు. పిచర్ ఇన్ని సెకన్లలోపే బంతి విసరాలనే పిచ్ క్లాక్ మీద ఎంత రగడ జరిగినా 2023లో అది వచ్చాక మ్యాచ్ సగటున 2 గంటల 40 నిమిషాలకి తగ్గింది, అందరికీ అలవాటైపోయింది. జీతాల మీద పరిమితి పెట్టాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది మాత్రం వేరే ఉంది. పాత నల్లజాతి ఆటగాళ్లను రికార్డు పుస్తకంలోకి తెచ్చుకున్న లీగ్‌లో ఇప్పుడు ఆడుతున్న నల్లజాతి అమెరికన్లు 6 శాతం దగ్గరే ఉన్నారు, ఒకప్పుడు 18 శాతం ఉండేవాళ్లు. ఎందుకో మా ఇంటి దగ్గరే చూశాను. మా అబ్బాయిని పదేళ్లప్పుడు ఊళ్లు తిరిగి ఆడే ట్రావెల్ టీమ్‌లో చేర్చాం, ఏడాదికి వేల డాలర్ల ఫీజు, ఒక్క బ్యాటే మూడు వందల డాలర్లు, వారాంతాల్లో హోటల్ ఖర్చు వేరే. వాడితో పాటు ఊళ్లో లీగ్ ఆడిన ఒక నల్లజాతి కుర్రాడు బంతిని మావాడికన్నా ఎంతో ముందే పసిగట్టేవాడు, ఎడమచేత్తో కొడితే కంచె దాకా వెళ్లేది. ఫీజు మాటెత్తేసరికి వాళ్లమ్మ నవ్వి ఊరుకుంది. తర్వాత ఆ పిల్లాడు బాస్కెట్‌బాల్‌కి వెళ్లిపోయాడు. దీనికి రికార్డులు కలిపిన గణాంకాల కమిటీ చేయగలిగింది ఏమీ లేదు, డబ్బున్న క్లబ్బులే పిల్లల ఆట ఖర్చు భరించాలి.

ఎంవీపీ అవార్డు ఇచ్చే బేస్‌బాల్ విలేకరుల సంఘం వెంటనే చేయగలిగింది ఒకటుంది. ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే ఎంవీపీ ఫలకం మీద 2020 దాకా కెనెసా మౌంటెన్ లాండిస్ పేరు ఉండేది. 1920 నుంచి 1944 దాకా ఆయన మేజర్ లీగ్ పెద్దగా, అంటే కమిషనర్‌గా, ఉన్నంత కాలం ఒక్క నల్లజాతి ఆటగాడికీ మేజర్ లీగ్‌లో చోటు దొరకలేదు, గిబ్సన్ మంచి ఏళ్లన్నీ అలాగే గడిచిపోయాయి. ఆ పేరు తీసేశారు. అక్కడ గిబ్సన్ పేరు చెక్కించమని గిబ్సన్ వారసులు అడుగుతున్నారు. నా మాట కూడా అదే, చెక్కించండి.