అమరత్వానికి అర్జీ

చావు విషయంలో నాకు మొదటినుంచీ అభ్యంతరం ఉంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కళ్లద్దాల నంబరు మూడోసారి మారాక ఇక ఉపేక్షించడం తగదనిపించి, అమరత్వం కోరుతూ అర్జీ పెట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. ఏ అర్జీ అయినా రాసేముందు, అదే పనిమీద మనకన్నా ముందు వెళ్లినవారి కాగితాలు తిరగెయ్యడం బుద్ధిమంతుల లక్షణం. ఆ కాగితాల కట్టకు సాహిత్యమని పేరు. దాదాపు నాలుగు వేల ఏళ్ల దస్త్రం. ఓపిక పట్టి చదివాను. సక్రమంగా మంజూరైన అర్జీ ఒక్కటి కనిపిస్తే ఒట్టు.

చిరంజీవుల మాటేమిటని మీరు అడుగుతారు. ఉన్నారు, ఏడుగురు. ఆ శ్లోకంలో మొట్టమొదటి పేరు అశ్వత్థామది. ఆయనకు దక్కింది వరం కాదు. నెత్తురూ చీమూ కంపు కొడుతూ, పలకరించే దిక్కు లేక మూడు వేల ఏళ్లు తిరగమన్న శాపం. ఇకమీదట ఎవరైనా ‘చిరంజీవ’ అని దీవిస్తే, ఏడుగురిలో ఎవరి పద్ధతిలోనో అడిగి తెలుసుకోవడం మంచిది.

అర్జీ రాతలో పోతన భాగవతంలోని హిరణ్యకశిపుణ్ని మించినవాడు లేడు. గాలి, నేల, నిప్పు, నీరు, ఆకాశం, దిక్కులు, రాత్రులు, పగళ్లు, చీకటి, వెలుగు, మొసళ్లు, రాక్షసులు, మృగాలు, పాములు, దేవతలు, నరులు, సమస్త అస్త్రశస్త్రాలు! ఒక్క పద్యంలో ఇన్నిటిని కుదించాడంటే ఆ మనిషికి రిజిస్ట్రేషన్ వ్యవహారాల్లో మంచి అనుభవం ఉండి ఉండాలి. అంతటివాడు సాయంసంధ్యను వదిలేశాడు. మృగం అన్నాడు, నరుడు అన్నాడు. ఇద్దరూ కలిసి వస్తే ఏమిటన్నది రాయలేదు. నిజానికి ఆయన పద్యంలో ‘నరాది’ అని ఉంది. ఆ ‘ఆది’లో నరసింహుడు ఎందుకు రాడని గట్టిగా నిలదీసే వకీలు ఒక్కడుంటే కేసు నిలిచేది. స్తంభం పగిలాక వాదనకు వ్యవధి ఉండదనుకోండి, అది వేరే సంగతి.

గ్రీకుల ఉషోదేవత ఈయోస్‌కు అంత ఓపిక కూడా లేదు. ప్రియుడు టిథోనస్‌కు చావు రాకూడదని దేవతల రాజు జ్యూస్‌ను అడిగింది, ముసలితనం రాకూడదని అడగడం మరచిపోయింది. ఒక్క పంక్తి! చివరికి కాలూ చెయ్యీ కదపలేని ఆ మనిషిని ఒక గదిలో ఉంచి తలుపులు మూసింది. లోపలినుంచి గొంతు మాత్రం ఎడతెరిపి లేకుండా వినిపిస్తూనే ఉండేదట. వారం వారం వ్యాసాలు రాసేవాళ్లకు ఈ చివరి ముక్క కొంత ఆశ కలిగిస్తుంది.

ఇదే పొరపాటును జొనాథన్ స్విఫ్ట్ 1726 నాటి ‘గలివర్ ప్రయాణాలు’ నవలలో ఒక జాతి మొత్తానికి అంటగట్టాడు. గలివర్ చూసిన లగ్‌నాగ్ దేశంలో కొందరు పిల్లలు ఎడమ కనుబొమ్మ పైన ఎర్రటి మచ్చతో పుడతారు. వాళ్లకు చావు లేదు. ఎనభై నిండగానే చట్టం దృష్టిలో చచ్చినట్టే. ఆస్తి వారసులకు పోతుంది, చేతికి నామమాత్రపు భత్యం వస్తుంది. తొంభైకి పళ్లూ జుట్టూ ఊడిపోతాయి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు కాబట్టి పుస్తకం చదువుకునే వీలుండదు. (ఈ ఒక్క లక్షణానికి అమరులై ఉండనక్కర్లేదని నా పాఠకులు కొందరు ఇప్పటికే నిరూపించారు.) రెండు వందల ఏళ్లు గడిచేసరికి దేశభాష మారిపోయి, సొంత ఊళ్లోనే పరాయివాళ్లవుతారు.

యయాతి సంగతి మరీ విచిత్రం. శుక్రుడి శాపంతో వచ్చిపడ్డ ముసలితనాన్ని కొడుకులకు అంటగట్టబోతే నలుగురు కాదన్నారు, పూరుడు ఒప్పుకున్నాడు. కొడుకు యౌవనంతో వెయ్యేళ్లు సుఖపడి, ఆ తరువాత తీరిగ్గా, అనుభవించినకొద్దీ కోరిక పెరుగుతుందే తప్ప తీరదని సెలవిచ్చాడు. ఈయన్ని వైరాగ్యానికి ఉదాహరణగా చెబుతారు! వెయ్యేళ్లు భోంచేసి చెయ్యి కడుక్కుంటూ ఉపవాసం గొప్పదంటే ఎవరికి నమ్మకం కుదురుతుంది? మొదటి వంద ఏళ్లకే ఆయనకు జ్ఞానోదయం కానందుకు నేను మాత్రం తప్పుపట్టను. నాకైనా కాదు.

చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ వరాల జోలికి పోలేదు, చావు రాని మందు కోసం నేరుగా మనుషుల్నే పంపాడు. వేలమంది పిల్లల్ని వెంటబెట్టుకుని సముద్రం మీద వెళ్లిన షూ ఫూ ఇక తిరిగి రాలేదు. క్రీ.పూ. 210లో చక్రవర్తి పర్యటనలో ఉండగానే పోయాడు. ఆ సంగతి పొక్కకుండా, శవం వాసన తెలియకుండా, మంత్రులు ఆయన పరివారం వెంట చేపల బండ్లు నడిపించారని చరిత్రకారుడు సీమా చియన్ రాశాడు. చావే లేకుండా బతకాలనుకున్నవాడి ఆఖరి ఊరేగింపు చేపల కంపుతో సాగిందన్నమాట.

ఇక్కడికి వచ్చేసరికి నాకు అనుమానం మొదలైంది. ఇన్ని దేశాల్లో, ఇన్ని భాషల్లో, ఒకరి ముఖం ఒకరు చూడని రచయితలందరూ అమరత్వం పుల్లగా ఉంటుందని ఒకే మాట చెబుతున్నారంటే, అందని ద్రాక్ష అయినా కావాలి, కుమ్మక్కయినా కావాలి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1922 నాటి నాటకంలో మూడు వందల ఏళ్లు దాటిన గాయని విసుగెత్తిపోతుంది, ఆయువు పెంచే ఆ మందు తయారీ రాసిన కాగితాన్ని చివరికి కాల్చేస్తారు. నకలు తీసుకోవాలన్న ఆలోచన ఆ రంగస్థలం మీద ఒక్కరికీ రాలేదు. పోర్చుగీసు రచయిత జోసె సరమాగో 2005 నవలలో ఒక దేశంలో చావులు ఆగిపోగానే శ్మశాన వ్యాపారులు లబోదిబోమంటూ, కనీసం పెంపుడు జంతువుల అంత్యక్రియలనైనా తప్పనిసరి చెయ్యమని ప్రభుత్వాన్ని కోరతారు. సుఖంగా బతికిన అమరుడొకడు, ఉదయం లేచి, పేపరు చదువుకుని, ఎవరితోనూ పేచీ లేకుండా నిద్రపోయిన అమరుడొకడు మచ్చుకైనా లేడు.

అదే రచయితలు తమ సొంత వ్యవహారంలో ఏమంటారో చూడండి. కంచుకన్నా ఎక్కువకాలం నిలిచే స్మారకం కట్టుకున్నానని, తాను పూర్తిగా చావనని రోమన్ కవి హొరేస్ లాటిన్‌లో చాటుకున్నాడు. మన మనుచరిత్రలో సాక్షాత్తూ కృష్ణదేవరాయలు, మనిషి పేరు నిలబెట్టే సప్తసంతానాల్లో నశించకుండా నిలిచేది కృతి ఒక్కటే కాబట్టి ఒకటి రాసిపెట్టమని పెద్దనను అడుగుతాడు. చెరువులూ గుళ్లూ తోటలూ వేయించగల రాజు నోట ఆ మాట పలికించిన కలం ఎవరిదన్నది గమనించాలి. పాత్రలకు అమరత్వం విషమట, కవికి మాత్రం పథ్యమట!

పైగా ఆ నిలవడం కూడా ఎలా ఉంటుందనుకున్నారు? ప్రాచీన మెసొపొటేమియా రాజు గిల్గమేష్ కథ చెక్కిన మట్టిపలకలు, నేటి ఇరాక్‌లోని నినెవె నగర శిథిలాల కింద రెండు వేల ఏళ్లకు పైగా పడి ఉన్నాయి. 1872లో జార్జ్ స్మిత్ అనే ఆయన పదకొండో పలకలో జలప్రళయం కథ చదవగలిగి, ఆనందం పట్టలేక మ్యూజియం గదిలోనే బట్టలు విప్పడం మొదలుపెట్టాడని చెప్పుకుంటారు. కీర్తి అంటే అదే అయితే నాకు అక్కర్లేదు. నాకు ఒళ్లు కావాలి.

ఆ పదకొండో పలకలోనే మరో సంగతి ఉంది. స్నేహితుడు ఎన్కిడు పోయాక చావు భయం పట్టుకున్న గిల్గమేష్, ప్రళయాన్ని తప్పించుకున్న అమరుడు ఉత్నపిష్టిమ్‌ను వెతుక్కుంటూ వెళతాడు. ఆ ముసలాయన, ఆరు పగళ్లు ఏడు రాత్రులు నిద్రపోకుండా ఉండి చూపించమంటాడు. ఇతగాడు కూర్చున్న చోటే నిద్రలోకి జారుకుంటాడు. లేచాక అబద్ధమాడతాడని ముందే తెలిసిన ఉత్నపిష్టిమ్, రోజుకో రొట్టె కాల్చి వాడి తల దగ్గర పెట్టి, గోడమీద గీత గియ్యమని భార్యకు చెబుతాడు. అనుకున్నంతా అయింది. కన్ను అంటుకుందో లేదో నన్ను లేపావే అన్నాడు మన వీరుడు. చూసుకో అన్నాడు ముసలాయన. మొదటి రొట్టె ఎండి బిగిసిపోయింది, అయిదోది బూజు పట్టింది, ఆరోది తాజాగా ఉంది, ఏడోది ఇంకా నిప్పులమీద ఉంది.

ఇవన్నీ దృష్టిలో పెట్టుకుని నా ముసాయిదా మొదలుపెట్టాను. రాత్రి, పగలు, సంధ్య, గ్రహణం. గడప, ఒడి, స్తంభం, స్తంభంలోపలి భాగం. యౌవనం, పళ్లు, జుట్టు, వాక్యం చివరిదాకా పనిచేసే జ్ఞాపకశక్తి, ఎనభై తరువాత కూడా ఆస్తి మీద సర్వహక్కులు. పద్దెనిమిదో నిబంధన రాస్తుండగా కళ్లు కాస్త బరువెక్కాయి. రెప్ప వాల్చీ వాల్చకముందే తేరుకున్నానని నా వాదన. బల్లమీద దీపం వెలుగుతూనే ఉంది, కిటికీలోంచి ఎండ వచ్చి కాగితాలమీద పడుతోంది. రొట్టెలు కాల్చి పక్కన పెట్టినవాళ్లెవరూ లేరు కాబట్టి నా వాదనను తోసిపుచ్చడానికి సాక్ష్యం లేదు.