ఈనిన కుక్కకి పొట్ట చుట్టూ గుడ్డ కట్టకండి

కుక్కల్ని పెంచుకునేవాళ్ళ ఫోన్లలో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. ఆడకుక్క ఒక్కసారి ఈనితే చాలు, పొట్ట కండరాలు మధ్యకి చిరిగిపోతాయట, మళ్ళీ అతుక్కోవట. అందుకని కడుపుతో ఉన్నన్నాళ్ళూ నడిపించకూడదట, ఈనగానే పొట్టకి గుడ్డ బిగించి కట్టాలట. ఇది నమ్మి పాలిచ్చే కుక్కకి గుడ్డ చుట్టినవాళ్ళని చూశాను. చన్ను దొరక్క పిల్లలు ఆ గుడ్డనే మూతితో పొడుస్తూ కుయ్యోమంటుంటే ప్రాణం ఉసూరుమంది.

ముందు ఆ "చిరిగిపోవడం" సంగతి. పొట్టకి రెండు వైపులా నాలుగేసి పొరల కండరం ఉంటుంది. ఆ రెండు వైపుల్నీ నడిమధ్య ఒక తెల్లటి గట్టి పట్టీ కలుపుతుంది. కుక్క మోసేది దాదాపు 63 రోజులు. అందులో సగం రోజులు పొట్ట పెరిగినట్టే తెలియదు, అయిదో వారం దాటాకే బాగా కనిపిస్తుంది. కండరాన్ని ఒక్కసారిగా గుంజితే తెగుతుంది కానీ, వారాల తరబడి మెల్లగా సాగదీస్తే అది తన పోగుల్ని పొడవు చేసుకుంటుంది. మాయ నుంచి వచ్చే రిలాక్సిన్ అనే హార్మోన్ కూడా కండరాల్ని పట్టి ఉంచే కణజాలాన్ని కాస్త వదులు చేస్తుంది. ఇంకో మాట. ఈనేటప్పుడు పక్కనుండి చూడండి: ఒక్కో పిల్ల బయటికొచ్చే ముందు తల్లి పొట్ట రాయిలా బిగుసుకుంటుంది. ముక్కి తోసేది ఈ పొట్ట కండరాలే. అవి చిరిగిపోతే అంత బలం ఎక్కడిది?

"పొట్ట వేలాడుతోంది కదా, అదే రుజువు" అంటారు. వేలాడేది కండరం కాదు, పాలు నిండిన రొమ్ములు. సాధారణంగా వైపుకి అయిదు. కుక్కని నిలబెట్టి అరచెయ్యి కింద పెట్టి చూడండి. మెత్తగా, వెచ్చగా చేతిలో కదిలేది చర్మం కింది పాల గ్రంథి. దాని వెనక పొట్ట గోడ విడిగానే తగులుతుంది. పిల్లలు పాలు మానాక కొన్ని వారాల్లో ఇది తగ్గిపోతుంది. గర్భసంచి పూర్తిగా మామూలు కావడానికే 12 వారాలు పడుతుంది, కాబట్టి రెండో వారంలోనే టెన్షన్ పడక్కర్లేదు. చాలాసార్లు ఈనిన కుక్కకి, బాగా ఒళ్ళు చేసిన కుక్కకి పొట్ట కొంత వదులుగా మిగలొచ్చు, కాదనను. చిరగడం మాత్రం కాదది.

నడిపించకూడదన్న సలహా పూర్తిగా తిరగేసినట్టుంది. కదలని కండరం బలహీనపడుతుంది, ఈనే రోజు అవసరమయ్యేది ఆ బలమే. ఆఖరి వారాల్లో గెంతులు మాన్పించండి, చిన్న చిన్న నడకలు మాన్పించకండి.

ఇక గుడ్డ. పిల్లలకి పాలందవు, పాలు నిలిచిపోయి రొమ్ములు గడ్డకట్టి వాచే ప్రమాదం ఉంది. గుడ్డ వల్ల కండరానికి ఒరిగేదేమీ లేదు.

ఆ మెసేజ్‌లో లేని అసలు ప్రమాదం గజ్జల్లో వచ్చే హెర్నియా, అంటే పొట్ట గోడలోని సందులోంచి లోపలి భాగం బయటికి జారి ఉబ్బడం. తొడ మొదట్లో ఒక పక్కనే మెత్తటి ఉబ్బు కనిపిస్తే డాక్టరుకి చూపించండి. కొన్నిసార్లు గర్భసంచే అందులోకి జారుతుంది. ఆ ఉబ్బు గట్టిపడినా, ముట్టుకుంటే కుక్క మూలిగినా, వాంతులు చేసుకున్నా తెల్లారేదాకా ఆగకండి.