సీపీకే గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ సీపీకే గారికి,

కంప్యూటర్ నడిపే (సీఎన్‌సీ) లేత్‌ల మీద షాఫ్టులు చెక్కే ఒక షాపు క్వాలిటీ విభాగం వారు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మెషిన్ కొలతల్ని హద్దుల్లో ఎంత బాగా నిలబెట్టగలదో చెప్పే అంకె (Cpk) అయిన తమరు, యథాప్రకారం 1.67 దగ్గర క్షేమంగా ఉన్నట్టు కస్టమర్‌కి పంపిన ఫైల్లో చూసి సంతోషించాం.

తమరి రాక కోసం మేం పడే పాట్లు తమరికి తెలియవు. కొత్త ఇన్సర్టు (లోహాన్ని కోసే ముక్క) వేస్తాం. మెషిన్ వేడెక్కేదాకా ఊరికే తిప్పుతాం. చేయి తిరిగిన ఆపరేటర్‌ని నిలబెడతాం. ఒకే లాటు రాడ్డు, ఒకే మైక్రోమీటరు, కొలవడానికి ఏసీ గది. పెళ్లిచూపులకు అరువు కోటు వేసుకొచ్చిన పెళ్లికొడుకు కూడా అంత నీటుగా ఉండడు.

చిక్కంతా మీ తమ్ముడు పీపీకే (Ppk) తోనే. ఇద్దరి ఫార్ములా ఒకటే, కింద భాగించే సిగ్మా (కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) మాత్రం వేరు. తమరు ఐదేసి పీసుల గుంపు లోపలి తేడానే చూస్తారు. పొద్దుటి గుంపు నుంచి రాత్రి షిఫ్టు గుంపుకి సగటు ఎంత జరిగినా తమరి సిగ్మాకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆ తమ్ముడేమో నెల మొత్తం కొలతల్నీ ఒకే కుప్ప పోస్తాడు. ఇన్సర్టు అరుగుదల, మారిన రాడ్డు లాటు, మే నెల మధ్యాహ్నం, అన్నీ అందులోనే. 25 మి.మీ. స్టీలు షాఫ్టు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లావెక్కుతుంది. కె6 గ్రేడు బేరింగ్ సీటుకి (షాఫ్టు మీద బేరింగ్ కూర్చునే చోటుకి) మాకిచ్చిన టాలరెన్సే, అంటే కొలత హద్దుల మధ్య మొత్తం జాగాయే, 13 మైక్రాన్లు!

తమరి సిగ్మా 1.3 మైక్రాన్లు అనుకుందాం. తమ్ముడిది 2.4 వచ్చిందంటే, సగటు నట్టనడుమ ఉన్నా పీపీకే 0.9. అంటే పది లక్షల షాఫ్టుల్లో దాదాపు 7 వేలు బయట పడతాయి. తమరి లెక్కలో ఒక్కటి కూడా పడకూడదు. మరి రీవర్క్ ట్రేలో ఉన్నవి ఎవరివో!

మా కన్సల్టెంట్ ఒక ఉపాయం చెప్పాడు. కొలవక్కర్లేదట, మోటరోలా కంపెనీ సిక్స్ సిగ్మా నాణ్యతా పద్ధతి వాళ్లలాగా సగటు జరుగుదల కింద 1.5 సిగ్మా తీసేస్తే దీర్ఘకాలం లెక్క వచ్చేసినట్టేనట. మా మెషిన్‌కి కూడా అంతే జరగమని ఎవరు చెబుతారో తెలీదు.

వచ్చే గురువారం ఆడిట్. తమరు తప్పక దయచేయాలి. తమ్ముడుగారిని మాత్రం వెంట తేవద్దని ప్లాంట్ హెడ్ గారి మనవి.

ఇట్లు,
రిపోర్టు మీద సంతకం పెట్టేవాడు