జట్ గారూ, ఇకనైనా ఒక్క పని చూసుకోండి

మహారాజశ్రీ డచ్ భాషలోని పదప్రముఖులు జట్ గారికి నమస్కరించి రాయునది.

నిన్న మధ్యాహ్నం తమరు వెలగబెట్టిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం. హీటర్ పాడై చలికి వణుకుతున్న ఒకావిడ, ఇంటి ఓనరుకి 'ఇక్ బెన్ హెట్ జట్' అని మెసేజ్ పెట్టబోయింది. అంటే 'విసిగిపోయాను బాబూ' అని. తొందరలో 'హెట్' ఎగిరిపోయింది. మిగిలింది 'ఇక్ బెన్ జట్': తాగి ఉన్నాను. ఓనరు గారు మంచినీళ్లు తాగి పడుకోమన్నారు. హీటర్ ఊసే లేదు.

తమరి అసలు అర్థం 'కడుపు నిండిన' అని మాకు తెలుసు. 'చాలినంత' అనే లాటిన్ 'సాటిస్'కి చుట్టాలు కూడా. 1637 నాటి డచ్ బైబిల్లో అబ్రహాము 'ఔట్ ఎన్ డెస్ లేవెన్స్ జట్'గా పోయాడు. నిండు నూరేళ్లూ బతికాడని భావం. ఇప్పటి కుర్రాడు చదివితే పెద్దాయన పరువేం కాను?

పోనీ అక్కడైనా ఆగారా? నామవాచకం వెనక చేరి 'టెయ్ట్ జట్' అయితే బోలెడు టైము. ముందుకొచ్చి 'జటె మన్' అయితే తాగినవాడు. పైగా 'కూర్చున్నాడు' కూడా తమరే! 'హెయ్ జట్ జట్ ఇన్ డె క్రూఖ్': వాడు బార్‌లో తాగి కూర్చున్నాడు. ఇక అచ్చు కాస్త సాగదీసి 'జాట్' అంటే విత్తనం. మా 'ఫుల్లు' కూడా జేబుకీ మనిషికీ రెంటికీ పనిచేస్తుంది గానీ, విసుగు జోలికి పోదు.

విసుగు చెప్పాలంటే, విసిగించేదాన్ని నీ ముందు నేరుగా నిలబెట్టాలట: 'ఇక్ బెన్ డేజె కౌ జట్', ఈ చలితో విసిగిపోయాను. మా 'తో' అలవాటు కొద్దీ వెనక 'వన్' తగిలించి 'జట్ వన్' అన్నామా, ఏ సరుకు కొట్టామో లెక్క చెప్పినట్టే.

తాగుడు చెప్పే మీవాళ్లు మిగతా మాటలూ తక్కువేం కాదు. 'ఆన్‌ఖెస్ఖోటెన్' అంటే తూటా తగిలిన పిట్ట. తాగుడులో అయితే కాస్త ఎక్కినవాడు. 'బెస్ఖోంకెన్' కూడా తాగినవాడే, కాకపోతే పోలీసు రిపోర్టు మర్యాదతో. 'కఖెల్' అంటే హీటరే, తప్పతాగినవాడూ అదే. ఆవిడ నిన్ను వదిలి హీటర్ పేరెత్తుకుని 'ఇక్ బెన్ కఖెల్' అన్నా ఇదే గతి పట్టేది!

విసుగుకి బెల్జియంలో డచ్ మాట్లాడే ఫ్లాండర్స్‌వాళ్లు 'బ్యో' అనే వేరే మాట పెట్టుకున్నారు. అక్కడ నీకు తాగుడు పనే ఎక్కువ, హాయిగా ఉంటుంది. రాటర్‌డామ్‌లో రైలెక్కితే అక్కడి ఆంట్‌వెర్ప్‌లో దిగొచ్చు. టికెట్టు మాది. వెళ్లేముందు ఆ ఓనరుకి హీటర్ సంగతి చెప్పిపో.